పెదవాల్తేరు మూడో అంతస్తు పియానో: తీగలు, హెడ్‌ఫోన్లు, సముద్రపు గాలి

నేను పియానోలు శ్రుతి చేస్తాను, రిపేరు చేస్తాను. ఉండేది విశాఖపట్నం. శ్రీకాకుళం నుంచి రాజమండ్రి దాకా చర్చిల్లో, మిషన్ స్కూళ్లలో, ఇళ్లల్లో ఉన్న పియానోలు నా చేతికి వస్తుంటాయి. ఈమధ్య ఇళ్ల నుంచి వచ్చే ఫోన్లలో ఎక్కువగా వినిపించే ప్రశ్న ఒకటే: "హైబ్రిడ్ తీసుకుందామా?" అసలు పియానో యంత్రాంగానికి ఎలక్ట్రానిక్స్ కలిపిన పియానోని హైబ్రిడ్ అంటారు. ఆ ప్రశ్నకి ఒక్క మాటలో జవాబు చెప్పలేను. అందుకే ఒక ఇంటి సంగతి మొదటి ఫోన్ నుంచి పద్నాలుగో నెల దాకా రాస్తున్నాను. ఇందులో నా సలహా కుదిరిన చోట్లు ఉన్నాయి, నా చేతి తప్పు ఒకటి కూడా ఉంది. ఇంటివాళ్లు రాయమన్నారు, పేర్లు మాత్రం వద్దన్నారు.

ఇల్లు పెదవాల్తేరులో, మూడో అంతస్తు ఫ్లాట్. బాల్కనీలోంచి సముద్రం కనిపించదు గానీ గాలి నేరుగా వస్తుంది. గ్రిల్లుకి రెండేళ్లకోసారి తుప్పు గీకి రంగు వేయించుకుంటారు. ఇంటాయన పోర్టులో షిఫ్టు ఉద్యోగి. ఒక వారం పగలు ఇంట్లో ఉండరు, ఇంకో వారం పగలంతా నిద్రపోతారు. ఆవిడ స్కూల్ టీచరు, చిన్నప్పటి నుంచి చర్చి క్వయర్‌లో పాడుతున్నారు. పాపకి పదమూడేళ్లు, ట్రినిటీ సంగీత పరీక్షల్లో గ్రేడ్ 5 పూర్తయింది. అప్పటిదాకా నేర్చుకున్నదంతా స్టాండు మీద పెట్టిన 88 కీల డిజిటల్ కీబోర్డు మీదే. కింది ఫ్లాట్‌లో వయసైన దంపతులు ఉంటారు. ఆ పెద్దాయనకి గుండె ఆపరేషన్ అయి అప్పటికి ఆరు నెలలు.

పాప టీచరు చెప్పిన సమస్య చాలా స్పష్టంగా ఉంది. మెల్లగా వాయించాల్సిన చోట స్వరం పలకకుండా పోతోంది, లేదంటే అవసరానికి మించి గట్టిగా వస్తోంది. మధ్యలో ఉండాల్సిన మెట్లు పాప వేళ్లకి తెలియడం లేదు.

నేను మొదటిసారి వెళ్లినప్పుడు ముగ్గురూ మూడు కోరికలు చెప్పారు.

"ట్యూనింగ్ గొడవ లేనిది చెప్పండి బ్రదర్. నెలకోసారి మిమ్మల్ని పిలవలేం కదా" అన్నారు ఆయన.

ఆవిడకి తీగలున్న పియానోనే కావాలి. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫాను తర్వాత రోజుల తరబడి కరెంటు లేనప్పుడు, చర్చిలో కొవ్వొత్తుల వెలుగులో పాత పియానో ఒక్కటే పలికిందట. "స్పీకర్లు, కీబోర్డు అన్నీ మూగబోయాయి బ్రదర్. అది మాత్రం పలికింది" అన్నారు.

పాప కోరిక చిన్నది. "రాత్రి తొమ్మిదిన్నర తర్వాత కూడా వాయించుకోవాలి అంకుల్. అంతే."

ఇక్కడ హైబ్రిడ్ అన్న మాట గురించి కొంచెం చెప్పాలి. షాపుల్లో ఈ ఒక్క మాట కింద రెండు వేరే వేరే వస్తువులు అమ్ముతున్నారు. మొదటిది నిజమైన పియానో. తీగలు, సుత్తులు, తీగల ధ్వనిని పెంచి పలికించే చెక్క పలక, అంటే సౌండ్‌బోర్డు, అన్నీ ఉంటాయి. దానికి అదనంగా కీల కింద సెన్సర్లు, సుత్తులు తీగకి తగలకుండా ఆపే ఒక బద్దె ఉంటాయి. మధ్య పెడల్ నొక్కి పక్కకి జరిపితే ఆ బద్దె అడ్డుగా వస్తుంది. సుత్తి కదులుతుంది గానీ తీగని తాకదు. ఏ కీని ఎంత వేగంగా నొక్కారో సెన్సర్ చదువుతుంది, హెడ్‌ఫోన్లో రికార్డు చేసిన గ్రాండ్ పియానో ధ్వని వినిపిస్తుంది. యమహా దీన్ని సైలెంట్ పియానో పేరుతో 1993లో తెచ్చింది. కవాయ్‌లో ఇదే పద్ధతిని ఎనీటైమ్ అంటారు. సౌండ్‌బోర్డునే స్పీకరుగా వాడి, డిజిటల్ ధ్వనిని చెక్కలోంచి పలికించే రకాలు కూడా వచ్చాయి. యమహా ట్రాన్స్‌అకౌస్టిక్, కవాయ్ ఆరెస్ అలాంటివి.

రెండోదానిలో తీగలే ఉండవు. లోపల నిజమైన పియానో యాక్షన్, అంటే కీ నుంచి సుత్తి దాకా ఉండే చెక్క యంత్రాంగం ఉంటుంది. పలికేది మాత్రం స్పీకర్లే. యమహా అవంత్‌గ్రాండ్ వరస 2009లో మొదలైంది. నిటారు పియానో యాక్షన్‌తో వచ్చే ఎన్‌యూ1ఎక్స్, కవాయ్ నోవస్ ఎన్‌వీ5 ఈ జాతివే. వీటికి శ్రుతి చేయనక్కరలేదు. ఆయన ఫోన్లో చూసి ఇష్టపడింది ఈ రకాన్నే. ఆవిడ మనసులో ఉన్నది మొదటి రకం. ఇద్దరూ "హైబ్రిడ్" అనే అంటున్నారు కాబట్టి ఒకే వస్తువు గురించి మాట్లాడుకుంటున్నాం అనుకున్నారు. నేను వెళ్లేదాకా ఆ సంగతి బయటపడలేదు.

గంటల లెక్క

ఏ మోడల్ పేరూ చెప్పకముందు నేను ఒక పని పెట్టాను. వారం రోజులు ఫ్రిజ్ మీద కాగితం అంటించి, పాప ఎప్పుడు ఎంతసేపు వాయించిందో రాయమన్నాను. పక్కనే ఇంకో గడి: ఆ సమయంలో బయటికి వినిపించేలా వాయించవచ్చా, వాయించకూడదా? నాన్న నిద్ర, కింది పెద్దాయన నిద్ర, చదువుకునే వేళ అన్నీ చూసుకుని రాయాలి.

వారం చివర లెక్క తేలింది. మొత్తం పదకొండు గంటల సాధన. అందులో గట్టిగా వాయించగలిగేవి నాలుగు, హెడ్‌ఫోన్లోనే వాయించాల్సినవి ఏడు.

ఈ కాగితం చూసి ఆయన "చూశారా, ఎక్కువ హెడ్‌ఫోనే కదా, తీగలు ఎందుకు?" అన్నారు. ఆ వాదనలో బలం ఉంది. సాధనలో ఎక్కువ భాగం హెడ్‌ఫోన్లోనే ఉండే ఇంటికి తీగలు లేని రకమే మేలని నేనే చాలామందికి చెప్పాను. ముఖ్యంగా పెద్దవయసులో నేర్చుకుంటూ రాత్రిళ్లు మాత్రమే వాయించేవాళ్లకి. పరీక్షల కోసం తీగలు కావాలన్న వాదన కూడా ఇప్పుడు నిలవదు. 2020 నుంచి ట్రినిటీ, ఏబీఆర్‌ఎస్‌ఎం అనే సంగీత పరీక్షల సంస్థలు రెండూ వీడియో తీసి పంపే పరీక్షలు పెడుతున్నాయి, వాటికి మంచి డిజిటల్ పియానో కూడా సరిపోతుంది.

అయినా ఈ ఇంట్లో ఆ నాలుగు గంటలకి విలువ ఎక్కువ అనిపించింది. పాప సమస్య చెవిలో ఉంది, వేలిలో కూడా ఉంది. తీగ మీద మెల్లగా కొట్టినప్పుడు వచ్చే ధ్వని గట్టిగా కొట్టిన ధ్వనికి తగ్గించిన రూపం కాదు, దాని రంగే వేరు. పెడల్ తొక్కి ఒక స్వరం కొడితే మిగతా తీగలు కూడా సన్నగా మోగుతాయి. డిజిటల్‌లో దీన్ని అనుకరిస్తారు, బాగానే అనుకరిస్తారు. కానీ గదిలో, వాయించేవాళ్ల ఒడి దగ్గర, చెక్క వణకడం వేరు. వారానికి నాలుగు గంటలు అది దొరికితే మిగతా ఏడు గంటలు హెడ్‌ఫోన్లో ఏం వెతకాలో పాపకి తెలుస్తుంది. ఈ మాట నేను నమ్మి చెప్పాను. ఆయన వెంటనే ఒప్పుకోలేదు. "సరే, రెండూ చూద్దాం" అన్నారు.

సెకండ్ హ్యాండ్ దారి

బడ్జెట్ తగ్గుతుందని ముందు ఒక పాత జపాన్ పియానో చూశాం. 121 సెంటీమీటర్ల నిటారు పియానో, 1980ల నాటిది. అమ్మే ఆయన "సైలెంట్ కిట్ మేమే బిగించి ఇస్తాం" అన్నాడు. అలాంటి కిట్లు దొరుకుతాయి, మంచివి కూడా ఉన్నాయి. మంచి పియానోకి ఓపికగా అమరిస్తే చక్కగా పనిచేస్తాయి. నేను ఆగింది కిట్ దగ్గర కాదు, పియానో దగ్గర.

పై మూత ఎత్తి టార్చి వేసి చూశాను. బయట పాలిష్ అద్దంలా ఉంది. లోపల బాస్ తీగల మీది రాగి నల్లబడింది, పై తీగల మీద, వాటిని చుట్టి బిగించే పిన్నుల దగ్గర ఎర్రటి తుప్పు. ట్యూనింగ్ లీవర్ పెట్టి మధ్యలో పది పిన్నులు కదిపాను. నాలుగు పిన్నులు నా మణికట్టుకి ఏ ఎదురూ ఇవ్వకుండా తిరిగాయి. పియానోలో 220కి పైగా తీగలు, వాటన్నిటి లాగుడు కలిపి 15 టన్నులకు పైనే ఉంటుంది. ఆ బరువుని పట్టుకునేది పిన్నుల చుట్టూ ఉన్న చెక్క. ఆ చెక్క పట్టు వదిలాక శ్రుతి రెండు వారాలు కూడా నిలవదు. సుత్తులకి ఉండే మెత్తని ఉన్ని, అంటే ఫెల్ట్ మీద తీగల గాట్లు లోతుగా పడ్డాయి. కింది పలక తీస్తే మూలలో ఎలుక కట్టుకున్న గూడు ఉంది, తీగ మోత ఆపే డంపర్ల నుంచి కొరికి తెచ్చిన ఫెల్టుతో.

పాత పియానో అంటే చెడ్డదని నేను అనను. నా చేతిలో నలభై ఏళ్ల పియానోలు హాయిగా పలుకుతున్నాయి. కానీ పాతది కొనేముందు పాలిష్ చూడకండి. పిన్నులు, తుప్పు, ఫెల్ట్ చూపించుకోండి. ఇనుప చట్రం దగ్గర ముద్రించిన సీరియల్ నంబరుతో తయారైన సంవత్సరం తేల్చుకోండి. అమ్మేవాళ్ల మనిషి కాకుండా మీ మనిషి చూడాలి.

చెన్నైలో రెండు రోజులు

విశాఖలో పక్కపక్కన పెట్టి వాయించి చూసేన్ని మోడళ్లు దొరకవు. అందుకని పాప సెలవుల్లో చెన్నై రైలెక్కాం, నేనూ వెళ్లాను. పాప తన గ్రేడ్ పుస్తకం తెచ్చుకుంది. నేను హెడ్‌ఫోన్లు, టార్చి, చిన్న స్కేలు తెచ్చుకున్నాను.

అక్కడ నేను పెట్టిన నియమం ఒకటే: ముందు కరెంటు ప్లగ్గు తీసేయాలి. హైబ్రిడ్ అయినా సరే మొదట దాన్ని మామూలు పియానోగా వినాలి. పియానో సరిగ్గా చూసుకుంటే నలభై, యాభై ఏళ్లు ఉంటుంది. ఎలక్ట్రానిక్స్ అన్నేళ్లు ఉండవు. పదిహేనేళ్ల తర్వాత ఆ చిన్న పెట్టె పాడై, విడిభాగం దొరక్కపోయినా ఇంట్లో మిగిలేది ఆ చెక్క, ఆ తీగలే. అవి బాగుంటేనే కొన్నందుకు లాభం.

మొదట ఎత్తులు పోల్చాం. 109 సెంటీమీటర్ల యమహా బీ1, 113 ఉన్న బీ2, 121 ఉన్న యూ1, 122 ఉన్న కవాయ్ కే-300. పొట్టి పియానోలో బాస్ తీగలు పొట్టిగా, లావుగా ఉంటాయి. పాపని అటు తిరిగి నిలబడమని, అట్టడుగున ఉన్న స్వరాలు నేను ఒక్కొక్కటీ కొడుతూ ఏ స్వరమో చెప్పమన్నాను. 109 మీద కింది నాలుగైదు స్వరాల దగ్గర తడబడింది, అవి స్వరం కంటే గరగరలా వినిపించాయి. 121, 122 మీద దాదాపు అన్నీ గుర్తుపట్టింది. కొనేవాళ్లు ఎవరైనా చేసుకోగల పరీక్ష ఇది. సంగీతం రాకపోయినా ఫర్వాలేదు. కింది స్వరం కొట్టి, దాన్ని గొంతుతో పట్టుకోగలరో లేదో చూడండి.

తర్వాత తీగలు లేని రకం వాయించింది. నిజాయితీగా చెప్పాలి, చాలా బాగుంది. కీ బరువు, తిరిగి లేచే తీరు అసలు పియానోలాగే ఉన్నాయి. ఆయన ముఖం వెలిగింది. ఆవిడ మాత్రం పక్కన ఉన్న యూ1 దగ్గరికి వెళ్లి ఒక కీర్తన మొదటి చరణం ఒక చేత్తో మెల్లగా వాయించారు. ఎవరూ ఏం మాట్లాడలేదు. పాప వెళ్లి ఆవిడ పక్కన కూర్చుంది.

ట్రాన్స్‌అకౌస్టిక్ కూడా విన్నాం. సౌండ్‌బోర్డులోంచి, ధ్వని తగ్గించి వాయించుకోవచ్చు, ముచ్చటగా ఉంటుంది. ఈ ఇంటికి దాన్ని వద్దన్నాను. వీళ్లకి కావలసింది తక్కువ ధ్వని కాదు, నిశ్శబ్దం. దాని అదనపు ఖర్చుతో తేమ నుంచి కాపాడే ఏర్పాటు చేసుకోవచ్చు.

ఇక అసలు సూక్ష్మం. పియానోలో కీ నొక్కితే సుత్తి తీగ దాకా తోసుకుంటూ వెళ్లదు. తీగకి కొంచెం ముందే తోసే ముక్క తప్పుకుంటుంది, మిగతా దూరం సుత్తి తన ఊపుతో వెళ్తుంది. దీన్ని లెట్-ఆఫ్ అంటాం. మామూలు నిటారు పియానోలో అది తీగకి 2–3 మిల్లీమీటర్ల దూరంలో జరుగుతుంది. సైలెంట్ పియానోలో సుత్తిని ఆపే బద్దె తీగకి ముందే ఉండాలి కదా, అందుకని లెట్-ఆఫ్‌ని ఇంకాస్త ముందుకి జరపాల్సి వస్తుంది. ఆ ఒకటి రెండు మిల్లీమీటర్ల తేడా బాగా మెల్లగా వాయించేటప్పుడు తెలుస్తుంది. సుత్తి తన ఊపు మీద వెళ్లాల్సిన దూరం పెరిగింది కాబట్టి, మరీ మెత్తగా నొక్కితే తీగ దాకా చేరదు. షోరూముల్లో ఈ సంగతి ఎవరూ చెప్పరు. మన పాప సమస్యే మెల్లగా వాయించడం! అందుకే సైలెంట్ ఉన్న యూ1, సైలెంట్ లేని యూ1 రెండూ పక్కపక్కన పెట్టించి ఒకే నాలుగు వరసలు పది సార్లు వాయించమన్నాను. తేడా ఉంది, కొద్దిగానే ఉంది. పాపకి మూడోసారికే అలవాటైంది.

రెండో రోజు సాయంత్రం తేల్చారు: యూ1, సైలెంట్‌తో. కే-300 కూడా చివరిదాకా పోటీలో ఉంది. దాని మధ్య స్వరాలు నాకు ఇంకా గుండ్రంగా వినిపించాయి. పాప చెయ్యి మాత్రం యూ1 దగ్గరే ఆగింది. అక్కడ నా అభిప్రాయం అనవసరం అనిపించి ఊరుకున్నాను.

ఇంటికి చేర్చడం

అడ్వాన్సు కట్టేముందు మెట్లు కొలవమని ఆయనకి ముందే చెప్పాను. యూ1 వెడల్పు 153 సెంటీమీటర్లు, లోతు 61, బరువు 230 కిలోల దరిదాపు. లిఫ్టు అంత బరువు మోస్తుంది గానీ 153 సెంటీమీటర్ల పెట్టె అందులో పట్టదు. మెట్ల మలుపులో ఒక చోట రెయిలింగు విప్పాల్సి వచ్చింది. ఆరుగురు మనుషులు బెల్టులు వేసి ఎత్తారు. మెట్ల మలుపు కొలవకుండా డబ్బు కట్టి, పియానోని గ్రౌండ్ ఫ్లోరులో వారం రోజులు టార్పాలిన్ కింద పెట్టుకున్న ఇంటిని నేను చూశాను, అందుకే ఇంతగా చెబుతున్నాను.

ఎక్కడ పెట్టాలన్నది పెద్ద చర్చ అయింది. ఆయన ఏసీ బెడ్‌రూమ్ అన్నారు. "ఏసీలో తేమ ఉండదు కదా?" నిజమే, ఏసీ వేసినంతసేపు. ఐదు వందల రూపాయల తేమ మీటరు ఒకటి కొని రెండు గదుల్లో చెరో వారం పెట్టాం. బెడ్‌రూమ్‌లో రాత్రి 52 శాతం, మధ్యాహ్నం కిటికీలు తీసినప్పుడు 76. హాల్లో రాత్రీ పగలూ 74 నుంచి 80 మధ్య. చెక్కకి ఎక్కువ తేమ మంచిది కాదు, కానీ రోజూ ఎక్కి దిగే తేమ ఇంకా చెడ్డది. సౌండ్‌బోర్డు రోజుకోసారి ఉబ్బి, ఆరి, తీగల్ని లాగి వదులుతుంటే శ్రుతి నిలవదు. అందుకని హాల్లోనే, బయటి గోడకి కాకుండా లోపలి గోడకి, బాల్కనీ తలుపుకి దూరంగా పెట్టించాను. గోడకి ఒక జానెడు ఎడం.

లోపల, కింది పలక వెనక, తేమ పోగొట్టే సన్నని హీటర్ కడ్డీ, తేమని బట్టి దాన్ని వేసి ఆపే నియంత్రిక అమర్చాను. డ్యాంప్-చేజర్ లాంటి కంపెనీలు వీటిని పియానోల కోసమే చేస్తాయి. అదే కంపెనీలు గాలికి తేమ చేర్చే నీళ్ల తొట్టి కూడా ఇస్తాయి. విశాఖలో దాని అవసరం రాదు. హైదరాబాద్, అనంతపురం ఎండాకాలంలో మాత్రం గాలి ఎండిపోయి చెక్క పగిలే ప్రమాదం ఉంది, అక్కడ తొట్టి ఉండాల్సిందే. తీర ప్రాంతపు సలహాని సీమకి, సీమ సలహాని తీరానికి తీసుకెళ్లకూడదు.

పియానో వచ్చిన రోజే శ్రుతి చేయమన్నారు. మూడు వారాలు ఆగమన్నాను. కొత్త ఇంటి గాలికి చెక్క సర్దుకోవాలి.

మూడో వారం వెళ్లేసరికి పాప ఒక మాట అంది. "అంకుల్, హెడ్‌ఫోన్లో ఒక శ్రుతి, బయట ఒక శ్రుతి వినిపిస్తోంది." కొలిచి చూస్తే పాప చెవి నిజం. డిజిటల్ ధ్వని ఏ కాలంలోనైనా 440 దగ్గరే ఉంటుంది, అంటే శ్రుతికి కొలతగా తీసుకునే స్వరం సెకనుకి 440 సార్లు కంపిస్తుంది. తీగలు వానాకాలపు తేమకి ఉబ్బిన సౌండ్‌బోర్డుతో పాటు సాగి మధ్య స్వరాల్లో 443 దాకా ఎక్కాయి. మామూలు పియానో అయితే ఇంట్లో ఎవరూ గమనించరు. హైబ్రిడ్‌లో మాత్రం పెడల్ జరిపిన ప్రతిసారీ రెండూ పక్కపక్కనే వినిపిస్తాయి. డిజిటల్ శ్రుతిని మార్చుకునే వీలుంది గానీ నేను మార్చలేదు. కడ్డీ పనిచేయడం మొదలుపెట్టాక తీగలే దిగాయి, అప్పుడు 440కి శ్రుతి చేశాను. మొదటి ఏడాది నాలుగు సార్లు చేయాలని ముందే చెప్పాను. కొత్త తీగలు సాగుతూనే ఉంటాయి. ఈ ఖర్చు కొనే ధరలోనే కలుపుకుని చూసుకోవాలి.

నా తప్పు

నాలుగో నెలలో పాప గ్రేడ్ 6లోని ఒక నెమ్మది భాగం సాధన చేస్తూ "ఇంకా మెత్తగా రావాలి అంకుల్" అంది. లెట్-ఆఫ్ సంగతి నాకు తెలుసు. పాపకి సాయం చేద్దామని మధ్య మూడు సప్తకాల్లో లెట్-ఆఫ్‌ని తీగకి దగ్గరగా, మామూలు పియానో కొలతకి జరిపాను. తీగల మీద వాయిస్తే అద్భుతంగా ఉంది. పాప సంతోషించింది. నేను కూడా సంతోషంగా ఇంటికొచ్చాను. సైలెంట్ పెట్టి పరీక్షించకుండా వచ్చాను.

రెండు రోజులకి ఫోన్. హెడ్‌ఫోన్లో వాయిస్తుంటే కీ అడుగున రాయి తగిలినట్టు ఉంది, వేలు నొప్పి పుడుతోంది, టక్‌టక్ శబ్దం పెరిగింది. కారణం వెళ్లకముందే అర్థమైంది. తోసే ముక్క తప్పుకోకముందే సుత్తి కాడ ఆపే బద్దెకి తగులుతోంది. అంటే పాప వేలు నేరుగా సుత్తిని బద్దెకేసి నొక్కుతోంది. అలా కొన్ని నెలలు వాయిస్తే సుత్తి కాడలు, బద్దె ఫెల్ట్ పాడవుతాయి. అదే సాయంత్రం వెళ్లి, ముందుగా సైలెంట్ వేసి, ప్రతి కీనీ మెల్లగా నొక్కుతూ, ముక్క తప్పుకున్న తర్వాతే కాడ బద్దెకి తగిలేలా ఒక్కొక్కటీ వెనక్కి జరిపాను. మూడు గంటలు పట్టింది. డబ్బు తీసుకోలేదు, పాపకి జరిగింది వివరించి చెప్పాను.

సైలెంట్ పియానో మీద పనిచేసే తోటి ట్యూనర్లకి ఈ మాట గట్టిగా చెప్పాలనుంది. ఈ పియానోకి రెండు కొలతలు లేవు, రాజీ పడ్డ ఒకే కొలత ఉంది. తీగల మోడ్‌లో బాగుందని లేచి రావద్దు. కొన్నవాళ్లు కూడా ఎవరైనా రెగ్యులేషన్, అంటే లోపలి కొలతల సర్దుబాటు, చేసి వెళ్లేముందు రెండు మోడ్లలోనూ వాయించి చూసుకోండి.

వానాకాలంలో ఇంకో సంగతి. ఒక కీ నొక్కితే మెల్లగా లేస్తోంది. ఆయన "సెన్సర్ పోయిందా?" అని టెన్షన్ పడ్డారు. ఇలాంటప్పుడు ఒక తేలిక పద్ధతి ఉంది. తప్పు హెడ్‌ఫోన్లో మాత్రమే ఉంటే సెన్సర్ వైపు చూడాలి. తీగల మీద కూడా ఉంటే అది చెక్క, ఫెల్ట్ సంగతి. ఇది రెండింటిలోనూ ఉంది. కీ పక్కన ఉండే ఫెల్ట్ తేమకి ఉబ్బి పట్టేస్తోంది. దాన్ని పట్టకారుతో కొద్దిగా నొక్కి వదులు చేస్తే సరిపోయింది, ఐదు నిమిషాల పని.

కింది ఫ్లాట్

సైలెంట్ అంటే పూర్తి నిశ్శబ్దం కాదు. తీగ మోగకపోయినా కీ అడుగుకి తగిలే శబ్దం, సుత్తి బద్దెకి తగిలే శబ్దం ఉంటాయి. గదిలో ఉన్నవాళ్లకి అది తలుపు మీద వేళ్లతో కొట్టినట్టు వినిపిస్తుంది. పైగా 230 కిలోల వస్తువు చక్రాల మీద నిలబడి ఆ కదలికని నేరుగా స్లాబులోకి పంపుతుంది.

ఒక రాత్రి పదింటికి పాపని హెడ్‌ఫోన్ పెట్టుకుని వాయించమని, నేను కింది ఇంట్లో ఆ దంపతుల అనుమతితో వాళ్ల పడకగదిలో కూర్చున్నాను. సంగీతం ఏమీ లేదు, డబ్ డబ్ అని మాత్రం వినిపించింది. పెద్దాయన "ఇదేనా? రోకలి అనుకున్నాను" అన్నారు. ఫిర్యాదు చేయలేదు గానీ నిద్ర చెడుతోందని ఆయన భార్య మెల్లగా చెప్పారు.

మర్నాడు దళసరి రబ్బరు మ్యాటు, దాని మీద ప్లైవుడ్ పలక, ఆ పైన చక్రాల కింద రబ్బరు గిన్నెలు. స్టూలు కాళ్లకి కూడా రబ్బరు. రాత్రి మళ్లీ కిందికి వెళ్లి విన్నాను. ఫ్యాన్ తిరుగుతుంటే వినిపించడం లేదు, ఆపితే చెవి పెట్టి వింటే వినిపిస్తుంది. పెద్దాయన రాత్రంతా ఫ్యాన్ వేసుకునే పడుకుంటారు.

దీనికి మూడు వేల లోపే ఖర్చయింది. పియానో కొన్న రోజే చేయించి ఉండాల్సింది, నేను ఆలస్యం చేశాను.

పద్నాలుగో నెల

మొన్న ఐదోసారి శ్రుతికి వెళ్లాను. తేమ మీటరు పియానో లోపల 58, హాల్లో 77 చూపించింది. తీగల మీద తుప్పు ఎక్కడా లేదు. శ్రుతి 441 దగ్గర ఉంది, పెద్దగా దించాల్సిన పని రాలేదు. కింది పలక తీసి ఎలుక జాడ ఉందేమో చూశాను, లేదు. పెడల్ కడ్డీల చుట్టూ ఉన్న సందులకి సన్నని జాలీ వేయించాం. అడాప్టర్ ప్లగ్గుకి సర్జ్ ప్రొటెక్టర్ ఉంది, తుఫాను హెచ్చరిక రాగానే పీకేయమని చెప్పాను.

గ్రేడ్ 6 అయింది. పాప టీచరు ఇప్పుడు మెల్లగా వాయించడం గురించి ఫిర్యాదు చేయడం లేదట, పెడల్ గురించి చేస్తున్నారట.

ఫ్రిజ్ మీద మళ్లీ కాగితం అంటించమని నెల ముందే అడిగాను. ఈసారి వారానికి పన్నెండున్నర గంటలు. అందులో తీగల మీద ఆరు. నాన్న నైట్ షిఫ్టు వారాల్లో అది మూడుకి పడిపోతుంది. మామూలు వారాల్లో సాయంత్రం ఐదు నుంచి ఆరున్నర దాకా మూత తీసి వాయించుకోవచ్చని కింది దంపతులే చెప్పారు, ఆ సమయానికి పెద్దాయన నిద్ర లేచి టీ తాగుతారు. ఆదివారం చర్చి నుంచి వచ్చాక ఆవిడ వాయిస్తారు, ఇప్పుడు రెండు చేతులతో.

నేను పనిముట్లు సర్దుకుంటుంటే ఆయన వచ్చి, "మళ్లీ ఎప్పుడు బ్రదర్?" అని అడిగి, క్యాలెండర్ మీద వానలకి ముందు ఒక తేదీ, దసరా తర్వాత ఒక తేదీ రాసుకున్నారు.